గుడియాత్తంలో మణి చదువు

వేలూరు అంటే మన వాళ్ళకి ముందుగా గుర్తొచ్చేది ఆస్పత్రి. మా ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాల్లో అయితే ‘వేలూరు వెళ్ళొచ్చాం’ అనగానే, ‘అయ్యో, ఎవరికి ఒంట్లో బాగాలేదు?’ అని అడుగుతారు. హౌరా వైపు నుంచి వచ్చే రైలు కాట్పాడి జంక్షన్‌లో ఆగిందంటే, ఎక్స్‌రే కవర్లు చంకలో పెట్టుకుని సగం పెట్టె దిగిపోతుంది. ఆస్పత్రి చుట్టూ ఉన్న సందుల్లో లాడ్జీల బోర్డులు తమిళంతో పాటు బెంగాలీలోనూ హిందీలోనూ ఉంటాయి. అక్కడక్కడా మన తెలుగు అక్షరాలు కూడా కనిపించి ప్రాణం లేచి వస్తుంది. రాణిపేటలో పుట్టిన ఐడా స్కడర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఇవాళ ఇంతయింది.

మేమూ అలాగే వెళ్ళాం. 2024 ఏప్రిల్ ఆఖరి వారంలో మా వారికి గుండె పరీక్షలు చేయించి, మళ్ళీ మూడు వారాలకి రమ్మన్నారు. అంత దూరం వెనక్కి వెళ్ళి మళ్ళీ రావడం అయ్యే పని కాదు. గుడియాత్తంలో మా చిన్నమ్మ ఉంది. ‘లాడ్జీలో ఏం తింటారు? అల్లుణ్ణి తీసుకుని వచ్చెయ్ పాపా’ అని ఫోన్ చేసింది. ఆ మూడు వారాల్లో అక్కడ ఒక కుక్క నేర్చుకున్న చదువు గురించే ఈ వ్యాసం. ఇంట్లో కుక్కని పెంచుకుంటున్న వాళ్ళకీ, పెంచుకుందామని పిల్లలు పోరు పెడుతున్న వాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాను.

కోట చుట్టూ ఒక ఉదయం

గుడియాత్తం బయల్దేరే ముందు రెండు రోజులు వేలూరులోనే ఉన్నాం. పెద్దవాళ్ళు ఈ ఊరిని ‘రాయవేలూరు’ అనేవారు. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర ప్రభువులు పెనుకొండకీ, చంద్రగిరికీ, చివరికి 17వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఈ వేలూరికీ చేరారు. కాబట్టి ఈ కోట మనకి పరాయిది కాదు. నల్లరాతి గోడలు, చుట్టూ నీళ్ళు నిండిన కందకం, లోపల జలకంఠేశ్వర స్వామి గుడి. చాలాకాలం మూలవిరాట్టు లేకుండా ఉండిపోయిన ఈ గుడిలో 1981లో స్వామిని మళ్ళీ ప్రతిష్ఠించారు. 1806 జూలై 10న సిపాయిలు తిరగబడింది ఈ కోటలోనే. శ్రీలంకలో కండి రాజ్యాన్ని ఏలిన ఆఖరి రాజు, నాయక వంశానికి చెందిన శ్రీ విక్రమ రాజసింహుడు, తెల్లవాళ్ళ బందీగా 1832లో కన్నుమూసిందీ ఈ ఊళ్ళోనే.

పొద్దున్నే కందకం పక్కన నడవడానికి ఊరు ఊరంతా వస్తుంది. అక్కడ ఒక పెద్దాయన తెల్లటి రాజపాళయం కుక్కతో నడుస్తూ కనిపించాడు. నడుము సన్నం, కాళ్ళు పొడుగు, ముక్కు గులాబి రంగు. విజయనగర కాలంలో దక్షిణానికి తరలి వెళ్ళిన మన తెలుగు రాజులు స్థిరపడిన రాజపాళయం పేరు మీద ప్రసిద్ధికెక్కిన జాతి అది. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద నాలుగు బిళ్ళలు వేస్తే అందులో దీనికీ చోటు దక్కింది. వేటకీ కాపలాకీ పెట్టింది పేరు, కొత్తవాళ్ళని దగ్గరకి రానివ్వదు అంటారు. కానీ ఈ కుక్క ఆయన ఆగితే ఆగుతోంది, నడిస్తే నడుస్తోంది. పక్కనుంచి సైకిళ్ళు పోతున్నా, పిల్లలు అరుస్తున్నా ఒక్కసారి ఆయన మొహం వంక చూసి ఊరుకుంటోంది. తాడు ఎక్కడా బిగిసి లేదు. ‘పెట్టి పుట్టాలి’ అన్నారు మా వారు. అది పెట్టి పుట్టడం కాదని రెండు రోజుల తరువాత తెలిసింది.

గుడియాత్తం దారి

కాట్పాడి మీదుగా కె.వి.కుప్పం దాటి బస్సు వెళుతుంటే ఒక పక్క కొబ్బరి తోటలు, మరో పక్క బోడి గుట్టలు. గుడియాత్తం పని చేసే ఊరు. వీధిలో అడుగు పెట్టగానే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. లుంగీలు, బీడీలు, అగ్గిపెట్టెలు, ఈ మూడింటి మీదా ఊరు బతుకుతుంది. 1954లో కామరాజు ముఖ్యమంత్రి అయ్యాక శాసనసభకి ఎన్నికైంది ఇక్కడినుంచేనని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఊరి మధ్యనుంచి పారే కౌండిన్య నది మన పలమనేరు కొండల వైపునుంచి వస్తుంది. ఎండాకాలంలో నది అంటే ఇసకే.

ఇక భాష సంగతి. 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడేదాకా ఇదంతా ఉత్తర ఆర్కాడు జిల్లా, దానికి ముఖ్యపట్నం చిత్తూరే. గీత గీశారు గానీ మాట ఆగలేదు. మా చిన్నమ్మ వీధిలో సగం ఇళ్ళు తెలుగువి. ‘యాడికి పోతా ఉండావు?’ అని మొదలైన మాట తమిళంలో పూర్తవుతుంది, తమిళంలో మొదలైన తగువు తెలుగులో తీరుతుంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మణి కథలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మణి

మణి అంటే మా చిన్నమ్మ కుక్క. తమిళదేశంలో కుక్కకి మణి అని పేరు పెట్టడం మనవైపు టామీ అన్నంత మామూలు. జాతి కుక్కేం కాదు. ఎర్రటి ఒళ్ళు, తెల్లటి పాదాలు, రెండేళ్ళ నాటు కుక్క. బెంగుళూరులో ఉండే మా తమ్ముడి పిల్లలు సెలవులకి వచ్చినప్పుడు వీధిలో దొరికిందని ముచ్చటపడి తెచ్చారు. సెలవులు అయిపోయాయి, పిల్లలు వెళ్ళిపోయారు, కుక్క మిగిలింది. చిన్నాయనకి మోకాళ్ళ నొప్పులు, వెంట తిప్పే ఓపిక లేదు. అందుకని ఆరు నెలల వయసునుంచీ పెరట్లో జామచెట్టుకి గొలుసుతో కట్టేశారు. తిండికి లోటు లేదు. పొద్దున రాగి సంగటి, రాత్రి పెరుగన్నం. పశువుల ఆస్పత్రిలో ఏటా టీకా వేయించిన కార్డు కూడా భద్రంగా ఉంది.

మేము వెళ్ళేసరికి ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడుకోవడం లేదు. అంతకు ముందు రోజే మణి పాలు పోసే అబ్బాయిని కరిచింది. పదహారేళ్ళ కుర్రాడు, వంగి గిన్నె అందుకోబోయి గొలుసు అందేంత దగ్గరికి వచ్చాడు. పిక్క మీద రెండు పళ్ళు దిగాయి. వెంటనే కుళాయి కింద సబ్బుతో కడిగి, ఆస్పత్రికి తీసుకెళ్ళి సూదులు మొదలుపెట్టించారు. మన చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు అని భయపెట్టేవారు, గుర్తుందా? ఆ పాత మందు 2005 నాటికే మన దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు, నొప్పి తక్కువ, గుణం ఎక్కువ. కానీ ఎన్ని రోజులకి రమ్మంటే అన్ని రోజులకీ తప్పకుండా వెళ్ళాలి.

అబ్బాయికి ప్రమాదం తప్పింది గానీ వీధి ఊరుకోలేదు. ఎదురింటి మగ్గాల వాళ్ళు ‘చిన్న పిల్లలు తిరిగే చోటు’ అన్నారు. అందులో తప్పేం ఉంది? పైగా మే నడుమ గంగమ్మ జాతర. బెంగుళూరు నుంచి తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లలు వస్తున్నారు. చిన్నదానికి మూడేళ్ళు. ‘ఆ కుక్క ఉంటే మేం రాము నాన్నా’ అని తమ్ముడు ఫోన్లోనే తేల్చి చెప్పేశాడు.

‘ఆదివారం ఆటోలో ఏసుకోని పలమనేరు దోవలో అడివి పక్కన ఇడిచిపెట్టి వస్తా. పీడ పోతాది’ అన్నాడు చిన్నాయన. ఆయన కఠినుడేం కాదు, దిక్కు తోచక అన్న మాట అది. చిన్నమ్మ బదులు చెప్పలేదు. ఆ పూట అన్నం తినలేదు. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయిన ఇంట్లో, పొద్దుట లేచిందగ్గర్నుంచి ఆమె మాట్లాడేది ఆ కుక్కతోనే.

పది రోజుల గడువు

ఆ ఆదివారం ఆటో కదలకపోవడానికి కారణం ఆస్పత్రిలో పాలబ్బాయి తండ్రికి చెప్పిన మాట. కరిచిన కుక్కని పది రోజులు కనిపెట్టి ఉండాలి. ఆ పది రోజులూ అది ఆరోగ్యంగా ఉందంటే, కరిచిన నాడు దాని చొంగలో రేబిస్ విషం లేనట్టు. మనుషులకి సోకే రేబిస్ నూటికి తొంభై తొమ్మిది వంతులు కుక్కల వల్లే వస్తుంది, ఒకసారి లక్షణాలు పైకి కనిపించాయంటే దాదాపు మందే లేదు. అందుకని కుక్కకి టీకా వేయించామన్న ధీమాతో మనిషికి సూదులు మానకూడదు. కుక్క కనిపించకుండా పోతే కరిపించుకున్నవాడి ఇంట్లో మనశ్శాంతి ఉండదు. ‘దాన్ని అడివిలో ఇడిచిపెడితే నా కొడుకు సంగతి ఎట్లా తెలస్తాది సామీ?’ అని ఆ తండ్రి అడిగితే చిన్నాయన దగ్గర జవాబు లేకపోయింది.

పెంచుకున్న జంతువుని అలా ఆకలికి వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. చట్టం సంగతి ఆ పూట ఎవరికీ గుర్తు లేదు గానీ, ఆ తండ్రి ప్రశ్న పని చేసింది. మణికి పది రోజుల గడువు దొరికింది.

ఆ సాయంత్రం పక్క వీధి సుబేదారు మామ వచ్చాడు. వేలూరు దగ్గర కమ్మవాన్‌పేట ఆయన స్వగ్రామం. ఇంటింటినుంచీ సైన్యానికి మనుషుల్ని పంపే ఊరని దానికి పేరు. ఆయన సైన్యంలో ఉన్నన్నాళ్ళూ కుక్కల దళంలో పని చేశాడు, మీరట్‌లోని సైనిక పశువైద్య విభాగంలో శిక్షణ పొందాడు. ‘అన్నా, ఇది బాగుపడతాదా?’ అంది చిన్నమ్మ. ‘అది బాగానే ఉండాదమ్మా. మీరు బాగుపడతారా లేదా, చూడాల’ అన్నాడాయన.

మొదటి రోజంతా ఆయన కుక్క దగ్గరికే వెళ్ళలేదు. తిన్నె మీద కూర్చుని, ఒక కాగితం మీద ఏదో రాసుకున్నాడు. సాయంత్రం చదివి వినిపిస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కూర్చోమనడానికి చిన్నమ్మ ‘కూచో నాయనా, కాసేపు కూచోరాదా’ అంటుంది. జీవితమంతా తమిళ ఆఫీసులో గుమాస్తాగా చేసిన చిన్నాయన ‘ఉక్కారు’ అంటాడు. పిల్లలు వచ్చినప్పుడు ‘సిట్’ అంటారు. పనమ్మాయి ‘ఏయ్’ అని చీపురు చూపిస్తుంది. ‘దిగు’ అన్న మాటకీ, ‘పో’ అన్న మాటకీ, ‘రా’ అన్న మాటకీ ఇదే తంతు. పెరుగన్నం ముందు పెట్టి ఒకరు ‘తిను’ అంటే, అదే సమయానికి ఇంకొకరు ‘ఉండు’ అంటారు. ‘మూడు భాషలు చదివిన మనకే బస్సు బోర్డు చూస్తే తికమక. ఆ నోరు లేనిది ఏం చేస్తాది?’ అన్నాడు మామ.

అప్పుడు నాలుగు మాటలు ఖాయం చేశాడు: కూచో, రా, ఉండు, వద్దు. అన్నీ తెలుగే, ఎందుకంటే దానికి కడుపు నింపేది చిన్నమ్మ. ఒక్కో పనికి ఒక్కటే మాట, ఒక్కసారే చెప్పాలి, ఎవరు చెప్పినా అదే చెప్పాలి. మాట తప్పినవాళ్ళు గంగమ్మ ముడుపు డబ్బాలో ఐదు రూపాయలు వెయ్యాలి. మొదటి రెండు రోజుల్లో డబ్బాలో పడ్డ డబ్బంతా చిన్నాయనదే.

ఎందుకు మొరుగుతుంది?

కరవడం గురించి మామ చెప్పింది నాకు చాలా నచ్చింది. పాలబ్బాయి రోజూ వస్తాడు, కుక్క మొరుగుతుంది, పాలు పోసి అతను వెళ్ళిపోతాడు. అతని పని అయిపోయి వెళ్ళాడని మనకి తెలుసు. కుక్కకి మాత్రం ‘నేను మొరిగాను, వాడు పారిపోయాడు’ అని అర్థమవుతుంది. రోజూ గెలుస్తున్నట్టే లెక్క. రెండేళ్ళ పాటు పొద్దునా సాయంత్రం ఆ పాఠం నేర్చుకుంది. ఆ పైన గొలుసు. కట్టేసిన జంతువు భయమేస్తే పక్కకి తప్పుకోలేదు, ముందుకు దూకడమే దానికి మిగిలిన దారి. ‘గొలుసు కుక్కని కాపలాదారుని చెయ్యదు, పిరికిదాన్ని చేస్తాది. పిరికిదే కరుస్తాది’ అన్నాడు.

గొలుసు తీసి పొడుగాటి నూలుతాడు కట్టారు. పెరటి గేటుకి గడియ బిగించి, పొద్దునా సాయంత్రం కాసేపు వదిలారు. మణి మొదట పెరడంతా సుడిగాలిలా తిరిగింది, తరువాత అలిసిపోయి చిన్నమ్మ కాళ్ళ దగ్గర పడుకుంది. తెల్లవారుజామున ఎవరూ లేని వేళ మామ తాడు చేత్తో పట్టుకుని కౌండిన్య ఇసకలోకి తీసుకెళ్ళేవాడు, నేనూ వెంట వెళ్ళేదాన్ని. కత్తిరి ఎండలు మొదలయ్యే రోజులు, ఏడు దాటితే ఇసక మీద కాలు పెట్టలేం. తాడు లాగితే మామ కదలకుండా నిలబడిపోయేవాడు. తాడు వదులైతే నడిచేవాడు. అంతే. నాలుగో రోజుకి మణికి ఆ లెక్క అర్థమైంది, లాగితే ప్రయాణం సాగదని.

లంచం కూడా ఉండేది, కాదనను. ఒక గుడ్డసంచిలో బొరుగులు, ఉడికించిన కోడిగుడ్డు సన్నటి ముక్కలు. కూచో అన్న మాటకి కూచున్న క్షణంలోనే నోట్లో పడాలి. లేచి నిలబడ్డాక పెడితే లేచినందుకు పెట్టినట్టవుతుంది. మాట వినడం అలవాటయ్యాక ఒకసారి ముక్క, ఒకసారి మెచ్చుకోలు. పావ్‌లోవ్ అనే రష్యా శాస్త్రవేత్త గంట కొట్టి కుక్కకి నోరూరించాడని పాఠాల్లో చదువుకున్నాం. సుబేదారు మామ గంట కొట్టలేదు గానీ, ‘భలే’ అన్న మాటని గంటలా వాడాడు.

కొట్టడం మాత్రం పూర్తిగా బంద్. చిన్నాయన దగ్గర ఉండే చుట్టిన పేపరు మామ మొదటి రోజే పొయ్యిలో పెట్టించాడు. కుక్క ఎప్పుడో చేసిన తప్పుకి మనం ఇప్పుడు కొడితే, ఇప్పుడు ఎదురుగా ఉన్నదానికే అది ముడిపెట్టుకుంటుంది. పిలిస్తే వచ్చిన కుక్కని కొట్టామంటే, ఇక పిలిచినా రాకూడదని నేర్పినట్టే.

అప్పుడు చిన్నమ్మ సరమ కథ ఎత్తుకుంది. నన్నయగారి ఆదిపర్వంలో ఉంది. జనమేజయుడి తమ్ముళ్ళు యాగం జరిగే చోటికి వచ్చిన కుక్కపిల్లని ఏ తప్పూ లేకుండా కొట్టారు. అది ఏడుస్తూ తల్లితో చెప్పుకుంటే, దేవశుని అయిన సరమ రాజు ముందుకొచ్చి నిలదీసింది. తగనిపని చేసినవాళ్ళకి అనుకోని భయాలు తప్పవని చెప్పి వెళ్ళిపోయింది. ‘అంత పెద్ద భారతం కుక్క అడిగిన న్యాయంతో మొదలవతాది. ఆకరున ధర్మరాజు కుక్కని వదిలి సొర్గానికి రానంటాడు. నడాన ఉండేదంతా మనుషుల గొడవే’ అంది చిన్నమ్మ. చిన్నాయన ఏమీ అనకుండా డబ్బాలో ఐదు రూపాయలు వేశాడు, ఆ పూట ఏ మాటా తప్పకపోయినా.

పాలబ్బాయి, గేటు అవతల

అసలు పరీక్ష పాలబ్బాయితో. తప్పు కుక్కదో మనుషులదో, దెబ్బ తిన్నది అతను. అతని మీద బలవంతం పెట్టొద్దన్నాడు మామ. ముందు అతని తండ్రిని అడిగి, తరువాత అతన్ని అడిగారు. గడువు తీరేదాకా అతను గేటు దాటి రాలేదు. వీధి అవతల వేపచెట్టు కింద నిలబడేవాడు, అంతే. ఇటు తిన్నె మీద చిన్నమ్మ తాడు పట్టుకుని కూర్చునేది. అతను కనిపించగానే గుడ్డుముక్క, కనుమరుగు కాగానే బంద్. మొరగడానికి ముందే పెట్టాలి. మొరిగిందంటే దగ్గరైపోయామని అర్థం, ఇంకా వెనక్కి జరగాలి.

పది రోజులు నిండాయి. మణి చక్కగా తింటోంది, తిరుగుతోంది. పశువుల డాక్టరు చూసి బాగుందన్నాడు. పాలబ్బాయి తండ్రి ఆ సాయంత్రం గంగమ్మకి కొబ్బరికాయ కొట్టొచ్చాడు.

ఆ తరువాత రోజుకి రెండు మూడు అడుగుల చొప్పున అతను గేటు దగ్గరికి వచ్చాడు. గేటు బయటినుంచే గుప్పెడు బొరుగులు లోపలికి విసిరేవాడు. మొదట్లో అతని చెయ్యి వణికేది, దాన్ని చూసి మణి చెవులు నిక్కబొడిచేది. అయిదో రోజున అతను వచ్చి నిలబడ్డాడు. మణి లేచింది, గొంతులో గురక మొదలైంది. అంతలో తల తిప్పి చిన్నమ్మ మొహం వంక చూసింది. ‘కూచో’ అంది ఆమె, ఒక్కసారే. కూచుంది. వేలూరు కోట దగ్గర ఆ రాజపాళయం కుక్క చూసిన చూపు అదే. భయమేసినప్పుడు దూకాలా వద్దా అని ఇంటివాళ్ళని అడిగే చూపు. కుక్క చదువంతా ఆ చూపులోనే ఉందని మామ అన్నాడు.

పాలగిన్నె మాత్రం ఆ రోజునుంచి గేటు పక్క గూట్లోకి మారింది. చదువొచ్చింది కదా అని పరీక్ష రోజూ పెట్టకూడదు కదా!

జాతర

గంగమ్మ జాతర రోజు గుడియాత్తం చూడాలి. తమిళుల వైకాసి మాసం మొదటి రోజున అమ్మవారి శిరస్సుని ఊరేగించి, కౌండిన్య ఒడ్డున గుడికి తెచ్చి మొండేనికి అమర్చి పూజలు చేస్తారు. రేణుకాదేవి కథ అది. పంబ మోతలు, పూలదండలు, కొబ్బరికాయల గుట్టలు, చుట్టుపక్కల పల్లెలతో పాటు మన చిత్తూరు వైపునుంచి కూడా బండ్లు కట్టుకుని జనం. మనిషికే చెవులు దిమ్మెక్కిపోతాయి. మనకంటే ఎంతో చురుకైన ముక్కూ, ఎన్నో రెట్లు పదునైన చెవులూ ఉన్న జంతువు గతేమిటి? మామ సలహా మీద ఆ రోజు మణిని వీధి వైపు లేని లోపలి గదిలో ఉంచి, నీళ్ళు పెట్టి, తలుపు వేశారు. బుద్ధి నేర్పడం అంటే ప్రతి కష్టాన్నీ దానిచేత ఓర్పించడం కాదు, కొన్నిటినుంచి దాన్ని తప్పించడం కూడా.

తమ్ముడి కుటుంబం ఆ ముందు రోజే వచ్చింది. మరదలు చిన్నపిల్లని చంకలోంచి దింపలేదు. ఆమె భయం అర్థం లేనిదేం కాదు. మామ వాళ్ళకీ నియమాలు చెప్పాడు. పిల్లనీ కుక్కనీ పెద్దవాళ్ళు లేకుండా ఒక్క నిమిషం కూడా వదలకూడదు. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. మెడ చుట్టూ చేతులు వెయ్యకూడదు. అది లేచి వెళ్ళిపోతే వెంటపడకూడదు.

తొమ్మిదేళ్ళ పెద్దవాడు వచ్చీ రాగానే ‘మణీ, సిట్!’ అన్నాడు. మణి వాణ్ణి ఎగాదిగా చూసి తోక ఊపింది. ‘సిట్! సిట్ డౌన్!’ కదల్లేదు. ‘డబ్బాలో ఐదు రూపాయలు ఎయ్యి నాయనా. దానికి ఇంగ్లీషు రాదు. అవ్వ మాట చెప్పు’ అన్నాడు చిన్నాయన గర్వంగా. వాడు ఇంట్లో ఇంగ్లీషు, వీధిలో కన్నడం తప్ప నోరు విప్పడు. సిగ్గుపడుతూ ‘కూచో’ అన్నాడు. మణి టక్కున కూచుంది. వాడి మొహం చూడాలి! ఆ తరువాత వారం రోజులూ వాడు తెలుగు మాటల కోసం అవ్వ చుట్టూ తిరిగాడు. ‘షేక్ హ్యాండ్ అంటే తెలుగులో ఏమిటవ్వా?’ అని అడిగాడు. చిన్నమ్మ ఆలోచించి ‘చెయ్యియ్యి’ అంది. బయట ఊళ్ళలో ఉన్న మనం పిల్లలకి తెలుగు నేర్పడానికి ఆదివారం బడులు పెడుతున్నాం, పోటీలు పెడుతున్నాం. తెలుగు మాత్రమే వచ్చిన ఒక కుక్కని కూడా పెట్టుకోవచ్చేమో మన సంఘం వాళ్ళు ఆలోచించాలి.

తమ్ముడు కుక్క విషయంలో ఏమీ మాట్లాడలేదు. వెళ్ళేముందు పెరటి గేటుకి కొత్త గడియ బిగించి, కొక్కేనికి నూనె వేసి వెళ్ళాడు. మణి ఉంటుందన్న మాటకి మా ఇంట్లో సంతకం అదే.

మన ఇళ్ళకి

‘కుక్క తోక వంకర’ అని మన సామెత. కుక్కని బంగారు సింహాసనం ఎక్కించినా దాని గుణం మారదని సుమతీ శతకంలో పద్యం కూడా ఉంది. ఆ పద్యం మనుషుల గురించి చెప్పింది, కుక్క పేరు పెట్టి. సింహాసనం మీద కూచోబెడితే కుక్క ఏం నేర్చుకుంటుంది? పక్కన కూచుని ఒక్క మాట పదిసార్లు ఒకేలా చెబితే నేర్చుకుంటుంది.

కొత్తగా కుక్కపిల్లని తెచ్చుకునేవాళ్ళు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. మూడో వారంనుంచి పన్నెండు, పధ్నాలుగు వారాల వయసు దాకా కుక్కపిల్ల లోకాన్ని పరిచయం చేసుకునే కాలం అని స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు 1965లోనే పుస్తకం రాశారు. పాలవాడు, పోస్టుమ్యాన్, ముసలమ్మ చేతికర్ర, గొడుగు, స్కూటరు, మిక్సీ మోత, ఇవన్నీ ఆ వయసులో భయం లేకుండా పరిచయం కావాలి. మణికి ఆ కాలం దాటిపోయింది కాబట్టే అంత కష్టమైంది. అయినా వీలుపడింది. మూడు నెలలకి రేబిస్ టీకా, ఆ పైన డాక్టరు చెప్పిన ప్రకారం ప్రతి ఏడూ. ఎవరినైనా కరిస్తే ముందు పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడగండి. పసుపు, కారం, సున్నం వద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

వేలూరు మళ్ళీ వెళ్ళాం. మా వారి గుండె గట్టిదేనని చెప్పి, మాత్రలు మార్చి పంపించారు. మీలో ఎవరైనా ఆ ఆస్పత్రికి వెళ్ళి రెండు అపాయింట్‌మెంట్ల మధ్య లాడ్జీ గదిలో గోడలు చూస్తూ కూర్చోవలసి వస్తే, ఒక పూట గుడియాత్తం వెళ్ళి రండి. మంచి లుంగీలు దొరుకుతాయి, చెవినిండా తెలుగు వినిపిస్తుంది. మొన్న చిన్నమ్మ ఫోన్ చేసింది. పాలబ్బాయి ఇప్పుడు ఐ.టి.ఐ.లో చేరాడట, పాలకి వాళ్ళ తమ్ముడు వస్తున్నాడట. వాణ్ణి కూడా మణికి వేపచెట్టు కిందనుంచే పరిచయం చేస్తున్నారట. ముడుపు డబ్బాలో డబ్బులు ఇంకా పడుతూనే ఉన్నాయట, చిన్నాయనవే.